గాడుల గొట్టంలో సీసం

"ఈ గీతలు రెండు రకాలుగా ఎందుకున్నాయి?" అని అడిగింది మార్లిస్ కూబిక్.

ఆమె బల్ల మీద చిన్న ప్లాస్టిక్ సంచీలో నలిగిపోయిన సీసపు ముద్ద ఒకటి ఉంది. శనివారం పొద్దున జింకల వేటలో చనిపోయిన రైతు ఆర్డెల్ నైగార్డ్ ఛాతీలోంచి డాక్టరు తీసింది అది. షాట్‌గన్‌లో రవ్వలకు బదులు ఒక్కటే బరువైన గుండుగా పెట్టి కాల్చే స్లగ్.

ఎదుట నిలబడ్డ హేవర్‌క్యాంప్ దానివైపు వంగి కూడా చూడలేదు. ఆయన రాష్ట్ర వేటశాఖ అధికారి. అయోవాలో వేట ప్రమాదం ఎక్కడ జరిగినా మొదటి మాట వేటశాఖదే. మార్లిస్ కౌంటీ షెరిఫ్ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క డిటెక్టివ్. ఇద్దరికీ పడదని ఆ ఆఫీసులో కాఫీ మెషీన్‌కి కూడా తెలుసు.

"అది గాడుల స్లగ్. పోతపోసేటప్పుడే ఒళ్ళంతా ఏటవాలుగా గాడులు పెడతారు. డబ్బా మీద పెద్దక్షరాలతో రాసే ఉంటుంది. వెండెల్ ఫ్రిస్క్ జేబులో దొరికినవీ అవే. ఇంకేం కావాలి మీకు?"

"పోతపోసిన గాడులు ఇవిగో, మొద్దుగా, ఎడమకి వాలి ఉన్నాయి. వాటిని అడ్డంగా కోసుకుంటూ ఇంకో వరస ఉంది. సన్నగా, పదునుగా. అదెక్కడిది?"

"ఎముక తగిలి ఉంటుంది."

"ఎముక ఇంత సమానమైన ఎడంతో గీస్తుందా?"

"మీరు ఒక్కసారైనా జింకని కొట్టారా?"

"లేదు. మా నాన్న వేటకి వెళ్తే నేను బండిలో కూచుని పుస్తకం చదువుకునేదాన్ని."

"అదీ సంగతి," అన్నాడు హేవర్‌క్యాంప్. "నేను ఇలాంటివి చాలా చూశాను. పరిగెత్తే జింక మీద కన్ను పడితే దాని వెనక ఏముందో కనపడదు. మధ్యాహ్నం వెండెల్ జడ్జి ముందు నేరం ఒప్పుకుంటానంటున్నాడు. ఆ కుర్రాడికి కావలసింది ఇది త్వరగా అయిపోవడం. మీరు భూతద్దం పెట్టుకుని దాన్ని సాగదీయకండి."

మార్లిస్ భూతద్దాన్ని ఆయన వైపు తోసింది. ఆయన విసుగ్గానే అందుకున్నాడు. సంచీని వెలుగులోకి తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. అద్దం కింద పెట్టేటప్పుడు ఇందాకటి విసుగు లేదు. 

"నేను వెండెల్‌తో మాట్లాడతాను," అని లేచింది మార్లిస్.

* * *

వెండెల్ ఫ్రిస్క్‌కి నలభై దాటలేదు. రెండు రాత్రులు లాకప్‌లో నిద్రలేక యాభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. పళ్ళెంలో తెచ్చిన శాండ్‌విచ్ అంచులు ఎండిపోయి అలాగే ఉంది.

"లాయరు వద్దన్నావట."

"లాయరు వచ్చి ఏం చెప్తాడండీ? నేను కాల్చాను. ఆయన పోయాడు."

"నాకు వేట తెలీదు, వెండెల్. అడిగిందే మళ్ళీ అడుగుతాను, విసుక్కోకు. ఆ పొద్దున మీరు ఎంతమంది?"

"ముగ్గురం. ఆర్డెల్ గారు, వాళ్ళ బావమరిది డ్వేన్, నేను. ఆర్డెల్ గారు చీకటితోనే నడిచి వెళ్ళి కంచె మూల కూచుంటారు. ప్రతి ఏడూ అంతే. మేమిద్దరం వాళ్ళింట్లో టిఫిన్ చేసి, అటువైపు నుంచి అడవిలో దూరి జింకల్ని ఆయన వైపు తోలుతాం."

"టిఫిన్ ఎవరు పెట్టారు?"

"ఆర్డెల్ గారి భార్య, నోరీన్ గారే. గుడ్లూ బంగాళాదుంపలూ కలిపి అవెన్‌లో పెడతారు చూడండి, అది. మేం తింటూ ఉండగా మంచు పడింది. బయటికొచ్చేసరికి ఆగిపోయింది. కొత్త అడుగులు బాగా కనపడతాయని డ్వేన్ సంబరపడ్డాడు."

"తర్వాత?"

"ఒక ఆడజింక నా ముందు నుంచి పోయింది. కోసేసిన మొక్కజొన్న చేను అడ్డంగా కంచె మూల వైపు. ఒక్కటే కాల్చాను. తప్పిందనుకున్నా. వెళ్ళి చూస్తే ఆయన బోర్లా పడి ఉన్నారు, ఒంటి నిండా మంచు. వెనక్కి తిప్పాను, గుండె మీద నొక్కాను..." అక్కడితో ఆపేశాడు.

మార్లిస్ మాట మార్చింది. "నువ్వు సీసపు స్లగ్గులే ఎందుకు వాడతావు? కొట్లో ఖరీదైనవి చాలా ఉంటాయట."

అతనికి ఆ ప్రశ్న వింతగా తోచింది. అయినా జవాబు దానంతటదే వచ్చింది. "నా తుపాకీ గొట్టం నున్నదండీ. లోపల గాడులు లేవు. ఆ ఖరీదైనవి ప్లాస్టిక్ తొడుగులో కూచుని ఉంటాయి. గాడులుంటే తొడుగుని పట్టుకుని గిర్రున తిప్పుతాయి, స్లగ్ తిన్నగా పోతుంది. నున్నటి గొట్టంలో పెడితే తిరగదు, ఎటు పోతుందో దానికే తెలీదు. నా బోటి పాత తుపాకీకి ఈ సీసానివే. డబ్బా ఆర్డెల్ గారి వెనక గదిలో అర మీద ఎప్పుడూ ఉంటుంది, నేను ఓ గుప్పెడు తీసుకుంటాను."

"దీని పేరు గాడుల స్లగ్ కదా. గాడుల గొట్టంలో పెట్టడానికే అనుకున్నాను నేను."

మొదటిసారి తలెత్తి చూశాడు వెండెల్. "పేరు చూసి అందరూ అలాగే పొరబడతారు. దాని మీద గాడులు గొట్టం చివర ఇరుకులోంచి నలిగి బయటపడటానికి. అది నున్నటి గొట్టానిది. గాడుల గొట్టంలో ఎవరూ పెట్టరండీ. పచ్చి సీసం కదా, గాడుల్లో అంటుకుపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి స్లగ్ పెట్టినా చెప్పిన చోటికి పోదు. గీకలేక చావాలి."

"ఎవరూ పెట్టరా?"

"వేట తెలిసినవాళ్ళెవరూ పెట్టరు."

ఆమె లేవబోతుంటే అతనే అన్నాడు, గొంతు తగ్గించి. "మా నాన్న సంగతి మీకు తెలుసుగా? లావర్న్ ఫ్రిస్క్. ఇదే అడవిలో, ఇలాగే తోలుతూ, ఆర్డెల్ గారి అబ్బాయి టెరీని పొరపాటున కాల్చి చంపాడు. పదహారేళ్ళ పిల్లాడు. మా నాన్న మళ్ళీ తుపాకీ పట్టలేదు. చర్చిలో కూడా వెనక బెంచీలోనే కూచునేవాడు, పోయేదాకా. ఆయన పోయాక ఆర్డెల్ గారే వచ్చి, మాతో వేటకి రారా అని పిలిచారు నన్ను. అంత పెద్ద మనసు. ఆ మనిషిని నేను..." అరచేతులు చూసుకున్నాడు. "మా ఇంటి చేతులే అంతేమో."

* * *

హేవర్‌క్యాంప్ రానంటూనే వచ్చాడు. చేను దాటి కంచె మూల దాకా ఇద్దరూ నడిచారు. శనివారం పడ్డ మంచు చలికి గట్టిపడి, అడుగు వేస్తే పెంకులా విరుగుతోంది. ఆర్డెల్ పడిన చోట తొక్కిడి. దాని పక్కన ఆయన కూచున్న తిరగేసిన బకెట్టు.

"వెండెల్ అక్కడ నిలబడ్డాడు," అని చేను అవతలి ఒడ్డు చూపించాడు హేవర్‌క్యాంప్. "జింక ఇటు వచ్చింది. స్లగ్ ఇటు వచ్చింది. లెక్క సరిపోయింది."

"కాల్చినప్పుడు స్లగ్‌తో పాటు ఇంకేమైనా బయటికొస్తుందా?"

"తూటాలో తుపాకిమందుకీ స్లగ్‌కీ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. గొట్టం ముందర కొద్ది దూరంలో పడిపోతుంది. వెండెల్‌ది దొరికింది, అతను నిలబడ్డ చోటే. చెప్పాను కదా, లెక్క సరిపోయింది."

"ఇక్కడ వెతికారా?"

"ఇక్కడెందుకు? ఇది తగిలిన చోటు. కాల్చిన చోటు కాదు."

మార్లిస్ బకెట్టు చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది. కంచె మూల కర్ర దగ్గర ఆగింది. పాత ఓక్ దుంగ అది, ఎండకీ వానకీ బూడిదరంగుకి తిరిగింది. నడుమెత్తులో ఒక చోట మాత్రం పచ్చిగా, పసుప్పచ్చగా బొటనవేలు పట్టేంత కన్నం ఉంది. చుట్టూ చీలికలు ఇంకా పొడిబారలేదు.

"ఇది పాతదా?"

హేవర్‌క్యాంప్ దగ్గరికొచ్చాడు. చిన్న కత్తి తీసి కన్నంలో దూర్చాడు. కత్తిమొన సీసపు రంగుతో బయటికొచ్చింది. "ఎప్పటిదో అయ్యుండాలి," అన్నాడు గాని, మాటలో బలం లేదు.

మార్లిస్ కర్రకి వీపు ఆనించి నిలబడి, కన్నం ఏ వైపు చూస్తోందో అటు చూసింది. అటువైపు చేను లేదు. వెండెల్ నిలబడ్డ ఒడ్డూ లేదు. ఇంటి నుంచి వచ్చే కాలిబాటా, దాని పక్కన గుబురుగా నాలుగు దేవదారు చెట్లూ ఉన్నాయి. పిలిస్తే పలికేంత దూరం.

ఆమె ఆ గీత మీదే వంగి నడిచింది. చేతితొడుగు తీసేసి మంచు పెంకుని పలకలు పలకలుగా లేపుతోంది. హేవర్‌క్యాంప్ జేబుల్లో చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత తిట్టుకుంటూ తనూ మోకాళ్ళ మీద కూచున్నాడు. మొదటి బిళ్ళ ఆయనకే దొరికింది.

తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ. ఎండుగడ్డి మీద పడి ఉంది. దాని పైన మంచు.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. పక్కన పెంకు అంచుని చేత్తో తడిమి చూశాడు. "ఇక్కడ ఎవరూ తొక్కలేదు. మంచు పడ్డాక ఇది లోపలికి వెళ్ళలేదు. మంచు పడకముందే ఉంది."

"మంచు పడుతుంటే వెండెల్ టిఫిన్ చేస్తున్నాడు," అంది మార్లిస్.

రెండోది కొంచెం అవతల దొరికింది. అదీ మంచు కిందే. కాల్చిన తూటాల ఖాళీ డొల్లలు మాత్రం ఒక్కటీ లేవు. చెట్ల గుబురు కింద మంచు పడలేదు, అక్కడ ఎండుటాకులు నలిగి ఉన్నాయి.

"డొల్లలు ఏరుకుపోయారు. ముందుకు ఎగిరే బిళ్ళలు వదిలేశారు," అంది మార్లిస్. "అవి ఉంటాయని తెలిసుండదు."

"లేకపోతే చీకట్లో కనపడి ఉండవు." హేవర్‌క్యాంప్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఆయన ముఖం మారిపోయింది. "ఆ స్లగ్ మీద రెండో వరస... గాడుల గొట్టం గీతలే అవి. పొద్దున చూసినప్పుడే తెలిసింది నాకు. ఒప్పుకోలేదు, అంతే. ఈ గుంపులో గాడుల గొట్టం ఉన్నది ఒక్కడికే. డ్వేన్ ఆమ్‌డాల్. వెండెల్ మీదకి పోవాలని వెండెల్ వాడే స్లగ్ పెట్టి కొట్టాడు. పదండి, వాణ్ణి బండెక్కిద్దాం."

"శనివారం వెండెల్‌ని బండెక్కించినంత వేగంగానా?"

"మీకు ఏం చెప్పినా తప్పేనా?"

"డ్వేన్ మీ అందరిలోకీ గురికాడట కదా. ఇక్కడి నుంచి అక్కడికి, కూచున్న మనిషిని కొట్టడానికి, మొదటిది తప్పి కర్రకి పెడతాడా?"

హేవర్‌క్యాంప్ చెట్లనీ బకెట్టునీ మార్చి మార్చి చూశాడు. ఈ దూరంలో తన మనవరాలు కూడా గురి తప్పదని ఆయన ముఖమే చెబుతోంది.

"గాడుల గొట్టంలో ఆ స్లగ్ పెట్టేవాళ్ళు రెండే రకాలు," అంది మార్లిస్ బండి వైపు నడుస్తూ. "అంతా తెలిసి కావాలని పెట్టినవాళ్ళు. బొత్తిగా ఏమీ తెలియక పేరు చూసి పెట్టినవాళ్ళు. నేనైతే రెండో రకం. ఇందాక వెండెల్ చెప్పేదాకా నేనూ అదే పెట్టేదాన్ని."

* * *

డ్వేన్ తన అక్క దగ్గరే ఉన్నాడు. నైగార్డ్ ఇంట్లో వంటగది నిండా చుట్టుపక్కలవాళ్ళు తెచ్చిపెట్టిన మూతల గిన్నెలు. నోరీన్ నైగార్డ్ సన్నటి మనిషి, అరవై దాటింది. ఏమీ అడక్కుండానే ఇద్దరికీ కాఫీ పోసి, భోజనాల బల్ల చూపించి, మళ్ళీ సింకు దగ్గరికి వెళ్ళిపోయింది. రెండు గదులకీ మధ్య తలుపు లేదు. నీళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఎలా ఉన్నారు?" అని మార్లిస్ డ్వేన్‌ని అడిగింది.

"అక్క నిద్రపోవట్లేదు. గిన్నెలు కడిగినవే కడుగుతోంది." డ్వేన్ లావుపాటి మనిషి, మాట మెత్తన. "వెండెల్ ఎలా ఉన్నాడు? వాడి మీద నాకు కోపం లేదని చెప్పండి."

"చెప్తాను. స్లగ్గుల గురించి కొంచెం తెలుసుకోవాలి. మీకు తెలిసినంత ఈ కౌంటీలో ఎవరికీ తెలీదంటున్నారు."

ఆ మాటకి ఆయన ముఖంలో కొంచెం రక్తం వచ్చింది. కోటు జేబులోంచి ఒక డబ్బా తీసి, లోపలి నుంచి ఒక తూటా ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నాది. ఇవి నా జేబు దాటి పోవు. ఇంట్లో ఇంకో నాలుగు డబ్బాలున్నాయి, అన్నీ ఒకే రోజు తయారైనవి. మార్చను."

"ఎలా ఎంచుకున్నారు?"

"మనం ఎంచుకోమండీ, గొట్టం ఎంచుకుంటుంది. ఒకే కంపెనీ తుపాకీలు రెండు పక్కపక్కన పెట్టండి. ఒకదానికి నచ్చింది ఇంకోదానికి నచ్చదు. లోపల గాడి ఎంత బిగువుగా మెలి తిరిగిందన్న దాన్నిబట్టి ఉంటుంది. నేను ఐదు రకాలు కొన్నాను. ఇసక సంచీ మీద తుపాకీ ఆనించి, ఒక్కో రకం మూడేసి కాల్చాను. మధ్యలో గొట్టం చల్లారనివ్వాలి, రకం మారినప్పుడల్లా తుడవాలి. తొందరపడేవాడికి ఇది పనికిరాదు. బరువైనది నా గొట్టానికి పనికిరాలేదు, అడుగు కిందకి పడింది. చవకది చెల్లాచెదురు. ఇది మాత్రం మూడూ కాఫీ కప్పు మూతంత చోట పడ్డాయి. చాలు. అక్కడితో పెళ్ళయిపోయింది."

మార్లిస్‌కి నవ్వొచ్చింది. "ఇది సీసం కాదే."

"మొత్తం రాగి. తొడుగు గాల్లోనే ఊడిపోతుంది, రాగిది ఒక్కటే వెళ్ళి తగులుతుంది. తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది, ముక్కలవదు. ఇదంతా ఈమధ్యే థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల రోజు ఈ బల్ల దగ్గరే చెప్పాను, ఒక్కళ్ళు వింటేగా. మా బావ లేచి బాతుల్ని చూసొస్తానని వెళ్ళిపోయాడు. నిజానికి ఈ చుట్టుపక్కల గాడుల గొట్టమూ రాగి స్లగ్గులూ కొన్న మొదటి మనిషి ఆయనే. అప్పుడు మేమంతా నవ్వాం. మావన్నీ నున్నటి గొట్టాలు, సీసం. ఆయనొక్కడే."

"మొన్న ఆయన దగ్గరున్నది పాత రెండు గొట్టాల తుపాకీ కదా?" అన్నాడు హేవర్‌క్యాంప్.

"టెరీ చనిపోయిన చలికాలమే ఆ గాడుల తుపాకీని అమ్మేశాడు. చూడలేనన్నాడు."

వంటగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"మొన్న మీరు కాల్చారా?" అని అడిగింది మార్లిస్.

డ్వేన్ తల గోక్కున్నాడు. "ఈ సమయంలో అనకూడదు గానీ, అదొకటి నన్ను తినేస్తోంది. వెండెల్ అరవకముందు ఒక మంచి మగజింక నా ముందు ఆగింది. ఊరికే నిలబడింది, ఫోటోకి నిలబడ్డట్టు. గురి పెట్టాను, ఊపిరి బిగబట్టాను, కాల్చాను. ఎక్కడో పక్కన చెట్టుకి తగిలింది. మళ్ళీ కాల్చాను. అదీ అంతే. ఎన్నేళ్ళయిందో నేనలా తప్పి. ముందు రోజు సాయంత్రమే ఇదే పొలంలో గురి సరిచూసుకున్నాను, బాగానే ఉంది."

హేవర్‌క్యాంప్ కాఫీ కప్పు పెదవుల దాకా తెచ్చి అక్కడే ఆపాడు.

"తర్వాత తుపాకీ తుడిచారా?"

"బావ అలా పడి ఉంటే తుపాకీ తుడుస్తానా? బండిలో ఉంది."

"చూడొచ్చా?"

ఆయన సందేహించకుండా లేచి వెళ్ళి తెచ్చాడు. ఖాళీగా ఉందని రెండుసార్లు చూపించి, గొట్టం విప్పి హేవర్‌క్యాంప్‌కి అందించాడు. హేవర్‌క్యాంప్ చిన్న లైటు వేసి లోపలికి చూశాడు. తర్వాత మార్లిస్‌కి ఇచ్చాడు.

మెలితిరిగిన గాడులు మెరుస్తూ లోపలికి దిగిపోతున్నాయి. కానీ ఆ మెరుపు అంతటా ఒక్కలా లేదు. గాడుల మూలల్లో బూడిదరంగు తొరక, గోడకి సున్నం పట్టినట్టు, పొడుగునా పట్టేసి ఉంది. సన్నటి పుల్లకి గుడ్డ చుట్టి గీరితే చిన్న వెండిరంగు పొలుసు ఒకటి ఊడి బల్ల మీద పడింది.

"అదేమిటి?" అన్నాడు డ్వేన్. వేలితో నొక్కి చూశాడు. అది వంగింది. "ఇది సీసం. నా గొట్టంలో సీసమేమిటి? నేను జన్మలో దీంట్లో సీసం పెట్టలేదు."

"ఎవరో పెట్టారు. మీరు జింకని కాల్చకముందు. అందుకే తప్పింది," అంది మార్లిస్. "మీరే పెట్టి ఉంటే, ఎందుకు తప్పిందో తెలియక మూడు రోజులుగా బుర్ర బద్దలుకొట్టుకోరు. మాకు చెప్పనూ చెప్పరు."

డ్వేన్ ఇంకా పొలుసు వైపే చూస్తున్నాడు.

"ముందు రోజు సాయంత్రం గురి సరిచూసుకున్నారు. పొద్దున తుపాకీ తీసుకుని వేటకి వెళ్ళారు. మధ్యలో రాత్రంతా ఇదెక్కడుంది?"

ఆయన నోరు తెరిచాడు. కళ్ళు వాటంతటవే వెనక గది వైపు వెళ్ళాయి, అక్కడి తుపాకీల అర వైపు, దాని మీద ఉన్న స్లగ్గుల డబ్బా వైపు. ఆ తర్వాత ఆ కళ్ళు వంటగది వైపు తిరగబోయి, బలవంతాన ఆగాయి. అంత లావు మనిషీ కుర్చీలో చిన్నవాడైపోయాడు.

"నా బండిలో," అన్నాడు. "మా ఇంట్లో. నాతోనే ఉంది."

"డ్వేన్ గారూ."

"నాతోనే ఉందన్నాను కదండీ. కావాలంటే నన్ను తీసుకెళ్ళండి."

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. నోరీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి తమ్ముడి కుర్చీ వెనక నిలబడింది.

"అబద్ధం నీకు చిన్నప్పుడూ చేతకాలేదురా," అంది. "తుపాకీ ఇక్కడే ఉందండీ. పొద్దున్నే వస్తాను కదా అని వెనక గదిలో పెట్టి వెళ్ళాడు."

"అక్కా, ఊరుకో."

"వెండెల్ లోపల ఉన్నాడురా. లావర్న్ కొడుకు." ఆమె మార్లిస్ వైపు తిరిగింది. "ఎవరో దారినపోయే వేటగాడు కాల్చాడనుకుంటారనుకున్నాను. వేటకి మొదటి రోజు కదా, నాలుగు వైపులా తుపాకీ చప్పుళ్ళే. వెండెల్ అటే కాలుస్తాడని నాకేం తెలుసు? మూడు రోజులుగా చెబుదామని బయల్దేరుతున్నాను, మళ్ళీ ఏదో ఒక గిన్నె పట్టుకుంటున్నాను."

హేవర్‌క్యాంప్ కప్పు కింద పెట్టాడు. మార్లిస్ ఒక కుర్చీ లాగింది గాని నోరీన్ కూచోలేదు. ఏప్రను జేబులోంచి ఏదో తీసి, బల్ల మీద ఆ సీసపు పొలుసు పక్కన పెట్టింది.

రంగు మాసిన రాగి ముక్క. నాలుగు రేకులు వెనక్కి విచ్చుకున్న చిన్న పువ్వులా ఉంది.

"టెరీ వస్తువులతో కలిపి ఇచ్చారు నాకు. వాచీ, చాకు, ఇది. వాడి కోటు గుండీయో బెల్టు ముక్కో అనుకున్నాను. ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్నేళ్ళూ వాడి చాకుతో పాటు పెట్టెలో దాచుకున్నాను." ఆమె తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. "థాంక్స్‌గివింగ్ రోజు నువ్వు బల్ల మీద చేత్తో చూపించావు. తగలగానే ఇలా పువ్వులా విచ్చుకుంటుందని. బావ ఒక్కడి దగ్గరే ఉండేవని. ఆ తర్వాత నువ్వేం చెప్పావో నేను వినలేదురా. పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను."

ఆ తర్వాత డ్వేన్ ఏం చెప్పాడో మార్లిస్ ఊహించగలదు. గాడుల గొట్టంలో సీసపు స్లగ్ పెట్టకూడదని చెప్పి ఉంటాడు.

డ్వేన్ రాగి ముక్కని ముట్టుకోలేదు. దూరం నుంచే చూసి, తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "లావర్న్ దగ్గర సీసమే," అన్నాడు తనలో తనే. "మా అందరి దగ్గరా సీసమే. భగవంతుడా, చర్చిలో లావర్న్ వెనక బెంచీలో ఉంటే, బావ పక్కన కూచున్నాను నేను. ఇన్నేళ్ళు."

"ఆర్డెల్ గారిని అడిగారా మీరు? అంతకుముందు?" అని అడిగింది మార్లిస్.

"ఎలా అడగాలో తెలియలేదు. వారం రోజులు పక్కన పడుకుని ఆలోచించాను. ఒకవేళ ఆయనకే తెలియదేమో, లావర్న్‌దే తగిలిందని నిజంగా నమ్మాడేమో అనుకున్నాను. ఆ పొద్దున చెట్ల దాకా వెళ్ళాక కూడా అదే అనుకున్నాను. వెనక్కి వచ్చేద్దామనే అనుకున్నాను. కానీ ఆయన ఊదరంగు వెలుతురులో బకెట్టు మీద కూచుని హాయిగా కాఫీ తాగుతున్నాడు. చెయ్యి దానంతటదే నొక్కేసింది. కర్రకి తగిలింది."

హేవర్‌క్యాంప్ లేచి, ఫోను తీసి, చప్పుడు కాకుండా వరండాలోకి నడిచాడు. జడ్జి ఆఫీసుకి చేస్తున్నట్టు మాటలు వినపడ్డాయి. వెండెల్ పేరు చెప్పి, వదిలేయమంటున్నాడు.

"అప్పుడైనా వచ్చేసేదాన్ని," అంది నోరీన్. ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "ఆయన తిరిగి నన్ను చూశాడు. చేతిలో తుపాకీ చూశాడు. లేవలేదు, అరవలేదు. పిచ్చిదానా ఏం చేస్తున్నావు అంటాడనుకున్నాను. ఎందుకు అని అడుగుతాడనుకున్నాను. అడిగి ఉంటే కింద పడేసేదాన్ని."

"ఏమన్నారు?"

నోరీన్ రాగి ముక్కని తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఎవరు చెప్పారు నీకు, అన్నాడు."